కాళ్ళ చదువుకు కాసుల లెక్క

వల్లూరు: ఇంటరు ఫలితాలు వెలువడితే చాలు, వల్లూరు బస్టాపు పక్కన టీ అంగళ్ళలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. చంకలో సంచి, చేతిలో రంగురంగుల కరపత్రాలు, నోటి నిండా తీపి మాటలు. "మీ ఊళ్ళో బైపీసీ పాసైన పిల్లలు ఎవరెవరున్నారు?" అని మొదలుపెట్టి, సాయంత్రానికల్లా నాలుగు ఊళ్ళు తిరిగి పది ఇళ్ళ అరుగులు ఎక్కి దిగుతారు. బెంగుళూరు, చెన్నై వైపు ప్రైవేటు కళాశాలలకు పిల్లలను చేర్పించి కమీషను తీసుకునే ఏజెంట్లు వీరు. ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదని దిగులుపడుతున్న ఇంట్లో వీరి మాటలు తొందరగా చెవికెక్కుతాయి.

ఈ ఏడు అలాంటి కరపత్రం ఒకటి మండలంలోని ఒక రైతు ఇంట్లో పెద్ద చర్చకే దారితీసింది. ఆ ఇంటికి నాలుగెకరాల మెట్ట, ఒక బోరు. బోరు పోస్తే పసుపు, లేకుంటే శనగకాయ. పెద్దకూతురు బైపీసీ మంచి మార్కులతోనే పాసైంది గానీ నీట్‌లో సీటు వచ్చే మార్కులు రాలేదు. ఇంకో ఏడు కోచింగుకు పంపుదామా అంటే అమ్మాయి వద్దంది. ఆ పిల్ల మనసులో వేరే చదువు ఉంది. దానికి కారణం వాళ్ళ జేజి కాలు.

జేజికి పదేళ్ళుగా చక్కెర జబ్బు. మూడేళ్ళ కిందట చేలో కలుపు తీస్తుంటే అరికాల్లో తుమ్మముల్లు దిగింది. దిగిన సంగతి ఆమెకే తెలియలేదు. రెండు రోజుల తర్వాత చెప్పు తడిగా ఉందేమిటా అని చూస్తే చీము. పసుపు, ఆకు పసరు, ఆ తర్వాత మెడికల్ షాపు మాత్రలు. కడపకు తీసుకుపోయేసరికి పాదం నల్లబడింది. ప్రాణం దక్కాలంటే మోకాలి కింద దాకా తీయక తప్పదన్నారు. తర్వాత తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆస్పత్రిలో కృత్రిమ కాలు అమర్చారు. జేజికి తోడుగా పోయిన మనవరాలు అక్కడ కాళ్ళు తయారుచేసేవారి పనిని రోజంతా చూస్తూ నిలబడింది. తిరిగి వస్తూ బస్సులో తండ్రిని అడిగింది: "నాయనా, కాలు కోసేదానికి ముందే చూసే డాక్టర్లు యాడన్నా ఉండారా? ఆ చదువు యాడ చెప్తారు?"

తండ్రి దగ్గర జవాబు లేదు. ఊళ్ళో పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నారు. పిల్లల దరఖాస్తులన్నీ ఆయన వసారాలోనే నింపుతారు. అమ్మాయి, నాయన అక్కడికే పోయారు.

ఆ చదువు ఉంది. ఇంగ్లీషులో దాన్ని పాడియాట్రీ అంటారు. పాదానికి, చీలమండకు వచ్చే జబ్బులు చూసే వైద్యం. ఆనెకాయలు, గోరుచుట్టు మొదలు చక్కెర పుండ్ల దాకా దాని కిందికే వస్తాయి. అమెరికాలో దీనికి ప్రత్యేక కళాశాలలున్నాయి. న్యూయార్కులో మొదటిది 1911లో, షికాగోలో 1912లో పెట్టారు. ఇంగ్లండులో మూడేళ్ళ డిగ్రీ. మన రాష్ట్రంలో మాత్రం ఇంటరు పాసై నేరుగా చేరే పాదవైద్య కళాశాల లేదు. మన వద్ద ఈ పనిని సర్జన్లు, చక్కెర జబ్బు డాక్టర్లు, ఫిజియోథెరపీ వారు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు తలా ఒక చెయ్యి వేసి నడుపుతున్నారు. 2023లో ప్రకటించిన వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో చక్కెర జబ్బు ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. అంటే పాదాలకు పని ఎంత ఉందో చెప్పక్కరలేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. అమెరికావారు ఈనాడు చక్కెర పుండుకు చేసే వైద్యంలో కొంత భాగం మన పొరుగునుంచే పోయింది. పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు రోగం తినేయడం వల్ల ఊడిపోవడం లేదనీ, నరాలు చచ్చి నొప్పి తెలియక పోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ తగిలి పుండ్లు పడి పోతున్నాయనీ గుర్తించి, దానికి తగిన శస్త్రచికిత్సలు చేశారు. మెత్తని రబ్బరు అడుగున్న చెప్పులు, పాదానికి అంటుకునేలా వేసే కట్టు, బరువు ఒక్కచోటే పడకుండా చూసే పద్ధతులు ఆ దారిలో వచ్చినవే. 1966లో ఆయన అమెరికా పోయి కార్విల్ అనే చోట అదే పని కొనసాగించగా, అక్కడ చక్కెర జబ్బువారి పాదాలకూ ఆ పద్ధతులు పాకాయి. జేజి కాల్లో ముల్లు దిగినా తెలియకపోవడానికి కారణమూ అదే: నొప్పి చెప్పవలసిన నరం చచ్చిపోయింది.

సరే, చదువు సంగతి తేలింది. ఇక డబ్బు సంగతి. హెడ్మాస్టరు ముందుగా విదేశం లెక్క తీశారు. తీయడం ఆశపెట్టడానికి కాదు, ఆశ తీర్చడానికే అని ఆయనే నవ్వుతూ అన్నారు.

అమెరికాలో పాదవైద్యం చదవాలంటే ఇంటరు చాలదు. ముందు డిగ్రీ ఉండాలి, ఆపైన ప్రవేశ పరీక్ష, ఆపైన నాలుగేళ్ళ కోర్సు, అదయ్యాక మూడేళ్ళు ఆస్పత్రిలో రెసిడెన్సీ. ఫీజు ఒక్కటే ఏడాదికి 40,000 డాలర్ల చుట్టుపక్కల, చాలాచోట్ల అంతకు మించి. డాలరు 85 రూపాయలని వేసుకున్నా నాలుగేళ్ళకు 1 కోటీ 36 లక్షలు. తిండి, గది, విమానం దీంట్లో లేవు. అక్కడి ప్రభుత్వం విద్యార్థులకిచ్చే అప్పు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసం ఉన్నవారికే. వారికైనా 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్తగా ఇలాంటి వృత్తి కోర్సుల్లో చేరేవారికి ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లకు మించి ఇవ్వరు. అమెరికా పిల్లలే కాగితం మీద కూడికలు తీసివేతలు చేసుకుంటున్నారన్నమాట.

ఇంగ్లండులో ఇంటరుతో చేరవచ్చు, మూడేళ్ళలో అయిపోతుంది. అక్కడ పాదవైద్యానికి పిల్లలు చాలక, ప్రభుత్వమే 2020 నుంచి ఏడాదికి 5,000 పౌండ్లు తిరిగి కట్టనక్కరలేని సాయం ఇస్తోంది. ఇది వినగానే అమ్మాయి కళ్ళు మెరిశాయట. కానీ ఆ సాయం ఆ దేశపు పిల్లలకే. మన పిల్ల పోతే విదేశీ విద్యార్థి ఫీజు కట్టాలి. అది ఏడాదికి 15,000 పౌండ్లకు పైబడే ఉంటుంది. పౌండు 110 రూపాయలని తక్కువలో వేసుకున్నా మూడేళ్ళకు 50 లక్షల దగ్గర. నాలుగెకరాలు అమ్మినా ఇంగ్లండు ఒడ్డు చేరేది కష్టమే.

"వద్దు సార్, ఆ దేశాల మాట ఇడ్సిపెట్టండి. మనకు అందేది చెప్పండి" అన్నాడు తండ్రి.

అందే వాటిలో మొదటిది ఏజెంటు కరపత్రమే. బెంగుళూరు దగ్గర ఒక కళాశాలలో ఫిజియోథెరపీ సీటు. ఏడాదికి ఫీజు 1,20,000. "మీ పాపకు మార్కులు బాగున్నాయి గాబట్టి మా కళాశాల 50,000 స్కాలర్‌షిప్పు ఇస్తుంది. మీరు కట్టేది 70,000 మాత్రమే" అని ఏజెంటు కరపత్రం మీద పెన్నుతో రాసి మరీ ఇచ్చాడు. పదివేలు అడ్వాన్సు ఇచ్చి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అందిస్తే సీటు ఖాయమట. రేపే ఆఖరు రోజట. వారం కిందట కూడా రేపే ఆఖరు రోజని చెప్పిన సంగతి తల్లి గుర్తుచేసింది.

హెడ్మాస్టరు కరపత్రాన్ని రెండుసార్లు చదివి ఒకే ప్రశ్న వేశారు. "ఈ యాభై వేలు నాలుగేళ్ళూ ఇస్తారా, ఒక్క ఏడాదేనా?" ఏజెంటుకు ఫోను చేశారు. అటునుంచి చాలాసేపు వేరే మాటలు వచ్చాయి. చివరికి మొదటి ఏడాదికేనని తేలింది.

అప్పుడు లెక్క ఇలా మారింది. మొదటి ఏడు 70,000. తర్వాత మూడేళ్ళకు 3,60,000. ఫీజే 4,30,000. హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి 80,000 అని కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఇంటర్నుషిప్పు ఆరు నెలలు కలుపుకొని నాలుగున్నరేళ్ళకు అది 3,60,000. మొత్తం 7,90,000. పరీక్ష ఫీజులు, యూనిఫారాలు, పుస్తకాలు, పండక్కి ఇంటికి వచ్చిపోయే ఛార్జీలు వేరే. 70,000 అనుకుని గడప దాటితే ఎనిమిది లక్షలు దాటి తిరిగి వస్తామన్నమాట.

దీనికితోడు వడ్డీ. పల్లెల్లో చదువు అప్పుకు బ్యాంకుకంటే ముందు తట్టేది ఊళ్ళోని వడ్డీ వ్యాపారి తలుపే. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ వడ్డీకి మొదటి ఏడాది ఖర్చు 1,50,000 తెచ్చారనుకుందాం. నెలకు 3,000. ఏడాదికి 36,000. అమ్మాయి చదువు పూర్తయ్యే నాటికి, నాలుగున్నరేళ్ళలో, మొదటి ఏడాది అప్పుకే వడ్డీ 1,62,000 అవుతుంది. అసలు అట్లాగే ఉంటుంది, వడ్డీ అసలును దాటిపోతుంది. రెండో ఏడు, మూడో ఏడు తెచ్చేవాటి లెక్క వేరే. హెడ్మాస్టరు ఇది కరపత్రం వెనుక ఖాళీ వైపున వేసి చూపించగా తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదని ఇంటివాళ్ళు చెబుతున్నారు.

రెండో దారి మన రాష్ట్రంలో కన్వీనరు సీటు. విజయవాడలో 1986లో స్థాపించిన ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఫిజియోథెరపీ, నర్సింగు కళాశాలలున్నాయి. తిరుపతిలో స్విమ్స్‌లోనూ ఫిజియోథెరపీ కోర్సు ఉంది. ఇక్కడ ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంది. కన్వీనరు కోటాలో వచ్చిన సీటయితే ప్రభుత్వం ఫీజు కడుతుంది. మేనేజ్‌మెంటు కోటాలో గానీ, చివర్లో స్పాట్ అడ్మిషనులో గానీ చేరితే కట్టదు. కళాశాల అదే, బెంచీ అదే, మేష్టరు అదే, సీటు వచ్చిన దారి వేరు. ఈ తేడా తెలియక, ఫీజు వస్తుందనుకుని మేనేజ్‌మెంటు సీటులో చేర్చి, రెండో ఏడాది ఎడ్లు అమ్ముకున్నవారు ఈ ప్రాంతంలో లేకపోలేదు.

ఈ ఫీజు సాయం చరిత్ర కొంచెం తెలుసుకుంటే మంచిది. హరిజన విద్యార్థులకు ఇంటరు ఆపై చదువులకు కేంద్ర స్కాలర్‌షిప్పు 1944లోనే, తెల్లవారి కాలంలోనే మొదలైంది. రాష్ట్రంలో వెనుకబడిన తరగతులకు, ఇతర కులాల్లోని పేదలకు కూడా మొత్తం ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం 2008 ప్రాంతంలో, పులివెందులకు చెందిన రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చింది. మొత్తం అన్నది ఎప్పుడూ మొత్తంగా లేదు. 2012-13 నుంచి ఇంజనీరింగులో పదివేలలోపు ర్యాంకు రాని బి.సి., ఇ.బి.సి. పిల్లలకు ఏడాదికి 35,000 వరకే ఇచ్చారు. కళాశాల ఫీజు అంతకు మించితే పైది ఇంటివారు కట్టుకున్నారు. 2019 నుంచి 2024 దాకా విద్యాదీవెన అన్న పేరుతో పూర్తి ఫీజును తల్లుల ఖాతాలో వేశారు. వసతిదీవెన అంటూ డిగ్రీ, ఆపై పిల్లలకు ఏడాదికి 20,000 రెండు విడతలుగా ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక డబ్బు నేరుగా కళాశాలకే కట్టే పాత పద్ధతికి మళ్ళారు. పేర్లు మారాయి, ఖాతాలు మారాయి. పైకం ఆలస్యమైన ప్రతి ఏడూ "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక వాపసు ఇస్తాం" అని కళాశాలలు అనడం మాత్రం మారలేదు.

అందుకని కన్వీనరు సీటు వచ్చినా చేతిలో ఒక ఏడాది ఫీజుకు సరిపడా ఆసరా చూసుకోవడం మంచిదని హెడ్మాస్టరు అభిప్రాయం. లేకుంటే హాల్ టికెట్టు ఇచ్చే రోజున మళ్ళీ వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కు.

విద్యాదీవెన నాటి నిబంధనలు ఈ ఇంటికి సరిపోయేవే. ఏడాది ఆదాయం 2,50,000 లోపు ఉండాలి. భూమి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు. కారు ఉండరాదు, ట్రాక్టరు, ఆటో ఉన్నా ఫరవాలేదు. హాజరు నూటికి 75 తగ్గరాదు. జాతరకనీ పెళ్ళికనీ పిల్లలను వారాల తరబడి ఇంట్లో పెట్టుకునే తల్లిదండ్రులు ఈ చివరిమాట గుర్తుంచుకోవాలి. ఒక సెమిస్టరు హాజరు పోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. ఈ ఏడు నిబంధనలు ఏమున్నాయో సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడిని అడిగితే చెబుతారు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్, బియ్యం కార్డు ఒక్క పేరుతో ఉండాలి. తండ్రి పేరు ఒక కాగితంలో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ఇంటిపేరు లేకుండా ఉండడం ఈ ఊళ్ళలో మామూలు. ఆ చిన్న తేడాకే దరఖాస్తులు నెలల తరబడి ఆగిపోతున్నాయి. ఈ ఇంట్లోనూ తల్లి ఆధార్‌లో పేరు తప్పుపడింది. దాన్ని సరిచేయించడానికి రెండు పూటలు పట్టింది.

మూడో దారి అమ్మాయి మనసుకు అన్నిటికన్నా దగ్గరిది. తిరుపతిలో తను చూసిన పని, అంటే కృత్రిమ కాళ్ళు, పాదానికి తగిన చెప్పులు, ఆసరా పట్టీలు తయారుచేసే పనికి ప్రత్యేకంగా నాలుగున్నరేళ్ళ డిగ్రీ ఉంది. ప్రాస్థటిక్స్, ఆర్థోటిక్స్ అంటారు. పేరు నోరు తిరగనిదే గానీ, మన దేశంలో పాదవైద్యానికి దగ్గరగా ఉన్న చదువు ఇదేనని చెప్పవచ్చు. 1992 నాటి పునరావాస మండలి చట్టం కింద గుర్తింపు ఉంటేనే దీనికి విలువ. కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లో, కోల్‌కతాలో, ఢిల్లీలో, చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ఫిజియోథెరపీ, ఈ కోర్సు వగైరాలకు వాటన్నిటికీ కలిపి ఒకటే ప్రవేశ పరీక్ష పెడతారు. రాయవేలూరులోనూ ఈ డిగ్రీ ఉంది. ప్రభుత్వ సంస్థలో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే తక్కువ. సీట్లూ తక్కువే. దరఖాస్తు గడువు వేసవిలోనే ముగుస్తుంది. నీట్ ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవారికి ఆ సంగతి తెలిసేసరికి తేదీ దాటిపోతుంది. ఈ అమ్మాయికి జరిగింది అదే. వేసవిలో ఒక్కరు చెప్పి ఉంటే పరీక్ష రాసి ఉండేదాన్నని ఆ పిల్ల వాపోతోంది. మన జూనియరు కళాశాలల్లో ఎంసెట్, నీట్ తప్ప ఇంకో పరీక్ష పేరు వినిపించదు. నోటీసు బోర్డు మీద నాలుగు కాగితాలు అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పొరుగు రాష్ట్రంలో చేరితే మన ప్రభుత్వ స్కాలర్‌షిప్పు వెంట వస్తుందా రాదా అన్నది కులాన్ని బట్టి, కోర్సును బట్టి మారుతుంది. చేరకముందే కడపలో సంబంధిత సంక్షేమ శాఖ కార్యాలయానికి పోయి అడగాలి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఏ ఉత్తర్వు ప్రకారమో నంబరు రాయించుకుని రావాలి. "వస్తుందిలే" అన్న ఏజెంటు మాట ఉత్తర్వు కాదు.

బ్యాంకు అప్పు సంగతి కూడా వసారాలో చర్చకు వచ్చింది. చదువు అప్పు 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వాలని బ్యాంకుల నిబంధన. ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ హామీ నిధి ఉంది. అంతకు మించితే పొలం కాగితాలు అడుగుతారు. చదువు అయ్యేదాకా, ఆపైన ఒక ఏడాది దాకా కంతులు కట్టనక్కరలేదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నూటికి ఏడాదికి పది రూపాయల వడ్డీ అనుకుంటే లక్షకు 10,000. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి లక్షకు 24,000. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, పేరున్న సంస్థల జాబితాలోని కళాశాలల్లో మెరిట్ మీద సీటు తెచ్చుకున్న, 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళ పిల్లలకు 10 లక్షల దాకా అప్పు మీద వడ్డీలో నూటికి మూడు రూపాయలు ప్రభుత్వం భరిస్తుంది. మేనేజ్‌మెంటు కోటాకు ఇదీ లేదు. ఎటు తిరిగినా ఆ కోటా సీటు దగ్గరే దారులన్నీ మూసుకుపోతున్నాయి.

"అయితే ఆ కళాశాల మంచిది కాదంటారా సార్?" అని తండ్రి అడిగాడు.

"మంచిదో చెడ్డదో నాకు తెలీదప్పా. ఆస్పత్రి ఉందా, రోజూ రోగులు వస్తారా, అక్కడ చదివినోళ్ళు ఇప్పుడు యాడ పనిచేస్తున్నారు, మొదటి జీతమెంత? ఇవి అడిగినావా?" అన్నారు హెడ్మాస్టరు. ఎవరూ అడగలేదు. ఫీజు ఎంత తగ్గిస్తారనే అడిగారు. మొదటి జీతం తెలియకుండా ఎనిమిది లక్షలు ఎన్నేళ్ళలో తీరుతాయో ఎట్లా తెలుస్తుందన్నది ఆయన ప్రశ్న. ఫిజియోథెరపీ కోర్సు కాలం కూడా మారుతోంది. 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో దాన్ని ఐదేళ్ళు చేశారు. చేరే కళాశాలలో ఈ ఏడు పిల్లలకు నాలుగున్నరా, ఐదా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఆరు నెలలు పెరిగితే ఆరు నెలల హాస్టలు, ఆరు నెలల వడ్డీ పెరుగుతాయి.

ఇంకొక సంగతి సర్టిఫికెట్లది. మధ్యలో మానుకుంటామంటే నాలుగేళ్ళ ఫీజూ కట్టి ఒరిజినల్స్ తీసుకుపొమ్మనే కళాశాలల కథలు ఈ మండలంలో కొత్త కాదు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2018లో దీనిపై స్పష్టంగా ఉత్తర్వులిచ్చింది. సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇవ్వాలే గానీ దగ్గర పెట్టుకోరాదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే మొత్తం ఫీజు, ఆ తర్వాత చివరి తేదీ లోపల అయితే నూటికి 90, తేదీ దాటిన 15 రోజుల్లో అయితే 80, నెల లోపల అయితే 50 వాపసు ఇవ్వాలి. నెల దాటితే ఏమీ రాదు. కన్వీనరు సీటు ఆలస్యంగా వచ్చి, అప్పటికే ఇంకోచోట డబ్బు కట్టినవారికి ఈ తేదీలు ప్రాణం లాంటివి. కట్టిన ప్రతి రూపాయికీ కళాశాల పేరు మీద రసీదు ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. ఏజెంటు చేతికిచ్చిన పదివేలకు రసీదూ లేదు, ఉత్తర్వూ లేదు.

ఒకప్పుడు ఈ జిల్లా పిల్లలు డాక్టరు చదువుకు తిరుపతికో కర్నూలుకో పోవలసి వచ్చేది. 2006లో కడపలో రిమ్స్ వచ్చింది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చాయి. పశువుల కాలికి వైద్యం నేర్పే కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది గానీ, మనిషి పాదానికి వైద్యం నేర్పే చోటు రాష్ట్రంలోనే లేదని వసారాలో ఎవరో అనగా జేజి కూడా నవ్వింది. రిమ్స్ వంటి చోట చక్కెర జబ్బువారి పాదాలు చూడడానికి శిక్షణ పొందినవారిని తీసుకుంటే, ఇలాంటి పిల్లలకు చదువుకీ పనికీ దారి దొరుకుతుందని ఊళ్ళోవారు అంటున్నారు.

ఇంతకీ ఆ ఇంట్లో ఏం తేల్చుకున్నారు? ఏజెంటుకు పదివేలు ఇవ్వలేదు. సర్టిఫికెట్లు తల్లి ఇనుప పెట్టెలో, పట్టుచీర కింద ఉన్నాయి. కన్వీనరు కౌన్సెలింగులో ఫిజియోథెరపీకి ఆప్షన్లు పెట్టాలని, తిరుపతిని ముందు పెట్టి, ప్రతి కళాశాలకూ ఫీజు, హాస్టలు, ఊరి నుంచి బస్సు ఛార్జీ పక్కపక్కనే రాసుకోవాలని నిర్ణయించారు. సీటు రాకపోతే కడపలోనే డిగ్రీలో చేరి, వచ్చే వేసవిలో ఓలత్‌పూర్ వారి పరీక్ష రాస్తానని అమ్మాయి పట్టుపట్టింది. ఒక ఏడు పోతుందని తండ్రికి దిగులు. "ఏడు పోతే పోనీ నాయనా, పొలం పోకుంటే సాలు" అని అమ్మాయి అన్నదట.

ఏజెంటు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి స్కాలర్‌షిప్పు 60,000 అన్నాడు. ఎన్నేళ్ళకు అని తల్లే అడిగింది. సాయంత్రం చెబుతానన్నాడు. సోమవారం తండ్రి ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి పోవలసి ఉంది. లెక్కలు వేసిన కరపత్రాన్ని కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు.